కొత్త మేడంకు సలహాలివ్వకండి: సీనియర్ టీచర్లకు కొన్ని తలకిందుల సలహాలు

మీ బడికి కొత్త మేడం వచ్చింది. మొదటి వారం ఆమెకు ఒక్క సలహా కూడా ఇవ్వకండి.

ఈ మాట స్టాఫ్‌రూంలో అంటే పెద్దవాళ్లు ఒప్పుకోరని తెలుసు. "మేం చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?" అంటారు. వాళ్ల మనసులో ఉన్నది ప్రేమే. అయినా ఆమె చేరిన రోజున ఏం జరుగుతుందో ఒకసారి గమనించండి. ప్రేయర్ అయ్యీ అవకముందే ఒకరు "మొదటి నెల నవ్వకమ్మా, నవ్వితే నెత్తికెక్కుతారు" అంటారు. ఇంటర్వెల్‌లో ఇంకొకరు "పిల్లల్లో కలిసిపోవాలమ్మా, అప్పుడే మాట వింటారు" అంటారు. భోజనాల దగ్గర ఒక సారు "ఆ కిటికీ వైపు బెంచీలవాళ్లను వదిలెయ్ మేడం, ముందు రెండు వరుసలు వస్తే చాలు" అంటారు. సాయంత్రానికి ఆమె దగ్గర ఒకదానికొకటి పొసగని పది మాటలు పోగవుతాయి. తన తరగతి అటెండెన్స్ రిజిస్టరు ఏ బీరువాలో ఉంటుందో మాత్రం తెలియదు.

ఆ వారం ఆమెకు కావలసింది సమాచారం. అది మీ దగ్గర తప్ప మరెక్కడా దొరకదు. ఏళ్ల తరబడి అదే బడిలో ఉన్నవాళ్లకు అది చెప్పవలసిన విషయమని తోచదు గనక ఎవరూ చెప్పరు. బీరువా తాళం ఎవరి దగ్గరుంటుంది, చాక్‌పీసులు అయిపోతే ఎవరిని అడగాలి, ఆడవాళ్ల బాత్రూంలో నీళ్లు ఏ వేళ దాకా ఉంటాయి, భోజనంలో గుడ్డు ఏ రోజు పెడతారు, ఏ పిల్ల గుడ్డు తినదు, సెలవు చీటీ ఎవరికివ్వాలి, ఏ వాట్సాప్ గ్రూపుకు వెంటనే జవాబివ్వాలి, ఏది సాయంత్రం చూసినా ఫరవాలేదు.

హైదరాబాద్‌లోని ఎర్రమంజిల్ చుట్టుపక్కల బడుల్లో వీటికంటే ముఖ్యమైన సంగతులు ఇంకొన్ని ఉన్నాయి. పంజాగుట్ట, సోమాజిగూడ, ఎం.ఎస్. మక్తా, అమీర్‌పేట బస్తీల నుంచి వచ్చే పిల్లల ఇళ్లు పొద్దున్నే ఖాళీ అవుతాయి. తల్లి అపార్ట్‌మెంట్లలో పనికి పోతుంది, తండ్రి అడ్డా మీదికో, వాచ్‌మన్ డ్యూటీకో పోతాడు. తల దువ్వుకోకుండా వచ్చే పిల్ల బద్ధకస్తురాలు కాదనీ, తమ్ముడికి అన్నం పెట్టి, తాళం వేసి వస్తోందనీ కొత్త మేడంకు ఎలా తెలుస్తుంది? ఫలానా అబ్బాయి కలబురగి నుంచి వచ్చాడు, ఇంట్లో కన్నడ మాట్లాడతాడు. ఫలానా అమ్మాయి వాళ్లది ఒడిశా, బిల్డింగు పని అయిపోతే చెప్పకుండా వెళ్లిపోతారు, కాబట్టి ఫోన్ నంబరు ఇప్పుడే తీసిపెట్టుకోవాలి. ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం నాడు సగం తరగతి రాదు, ఆ రోజు కొత్త పాఠం ఎత్తుకోవద్దు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఆమె చేతిలో పెట్టండి. బోధన గురించి మీకు తెలిసినదంతా రెండో వారం దాకా ఆగగలదు.

చేరిన మొదటి పది రోజులూ సిలబస్ ఆపండి

ఈ సలహా విని హెచ్చెంలు నన్ను తిట్టుకుంటారు. 2024లో జరిగినదాన్ని గుర్తు చేసుకొని ఆ తరువాత తిట్టండి.

ఆ ఏడాది ఫిబ్రవరి 29న తెలంగాణ డీఎస్సీ 11,062 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. పరీక్షలు జూలై, ఆగస్టుల్లో జరిగాయి. అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంలో పదివేల మందికి పైగా నియామక పత్రాలు అందుకున్నారు. దసరా సెలవులయ్యాక బడుల్లో చేరారు. అంటే వాళ్లకు జూన్ దొరకలేదు. టీచరుకు జూన్ ఎంత విలువైనదో ఆ నెలను పోగొట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది. పేర్లు నేర్చుకోవడం, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటే కొట్లాట ఉండదో చూసుకోవడం, "మన క్లాసులో ఇలా ఉంటాం" అని పిల్లలతో ఒక ఒప్పందానికి రావడం, నీళ్లకు వెళ్లాలంటే చేయి ఎత్తాలా, లేచి వెళ్లిపోవచ్చా అని తేల్చుకోవడం జరిగేది ఆ నెలలోనే. అక్టోబర్‌లో వచ్చిన టీచరు ఇంకొకరు నడిపిన బండి మధ్యలో ఎక్కింది. వస్తూనే ఎస్ఏ-1 పరీక్షలు ఎదురొచ్చాయి. నవంబర్ 6న సమగ్ర ఇంటింటి సర్వే మొదలైంది. ప్రాథమిక బడులు మధ్యాహ్నం దాకానే నడిచాయి, ఎస్‌జీటీలు ఎన్యూమరేటర్లుగా గడప గడపకూ తిరిగారు. పిల్లల పేర్లు ఇంకా సరిగా రాని టీచరు సర్వే ఫారం కాలమ్‌లు నేర్చుకోవలసి వచ్చింది.

అందుకే అంటున్నాను. కొత్త టీచరు ఏ నెలలో చేరినా మొదటి పది పనిరోజులు ఆమెకు జూన్ కిందే లెక్క వేయండి. ఆ రోజుల్లో పాఠం ముందుకు నడవనక్కర్లేదు. ఆమె పిల్లల చేత చదివించుకుంటుంది, లెక్కలు చేయించుకుంటుంది, ఎవరు ఎక్కడున్నారో చూసుకుంటుంది. 2022 ఆగస్టులో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం మనకు నేర్పింది కూడా ఇదే కదా. ఐదో తరగతి పిల్లవాడికి రెండో తరగతి వాచకం చదవడం రాకపోతే ఐదో తరగతి పాఠం చెప్పుకుంటూ పోయి లాభం లేదు. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో తెలియకుండా సిలబస్ పూర్తి చేసిన టీచరు రిజిస్టరులో మాత్రమే పూర్తి చేసింది. పది రోజులు పోతే నెలాఖరు రిపోర్టులో ఒక గడి వెనకబడుతుంది. ఎంఈఓ గారు అడిగితే హెచ్చెం గారే జవాబు చెప్పుకోవాలి. ఆ పూచీ పడలేని హెచ్చెం కొత్త టీచరుకు ఇంకే సాయమూ చేయలేరు.

కష్టమైన తరగతి మీరు తీసుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన సలహా ఇది. ఎక్కువ ఎదురుమాట వచ్చేదీ దీనికే.

మన బడుల్లో టైంటేబుల్ ఎలా తయారవుతుందో అందరికీ తెలుసు. సర్వీసు ఎక్కువున్నవాళ్లు ముందు కోరుకుంటారు. మిగిలింది కొత్తవాళ్లకు వస్తుంది. మిగిలేది ఎప్పుడూ ఒకటే. ప్రాథమిక బడిలో ఒకటో తరగతి, హైస్కూల్లో ఎనిమిదో తరగతి బి సెక్షన్, భోజనం తరువాతి పీరియడ్లు. ఒకటో తరగతి మీద ఉన్న చిన్నచూపు నాకు చాలా బాధ కలిగిస్తుంది. అక్షరం మొదటిసారి చూస్తున్న పిల్లకు చదువు మీద ఇష్టం పుట్టించడం ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైన పని. ఆ పనిని మొన్న ఉద్యోగంలో చేరిన అమ్మాయికి అప్పగించి, ముప్ఫై ఏళ్ల అనుభవమున్నవారు, తమంతట తామే చదువుకోగలిగిన పిల్లల తరగతి తీసుకుంటారు. నష్టపోయేది ఆ కొత్త టీచరు ఒక్కతే అయితే కొంత నయం. ఆ గదిలోని పిల్లలందరూ ఆమె నేర్చుకోవడానికి మూల్యం చెల్లిస్తారు.

ఎర్రమంజిల్ మెట్రో స్టేషన్ దిగి చుట్టూ చూడండి. అటు నీటిపారుదల శాఖ జలసౌధ, ఇటు రోడ్లు భవనాల శాఖ ఆఫీసు. కొత్తగా చేరిన ఇంజనీరు గీసిన అంచనాను పైన ఇద్దరు ముగ్గురు చూసి సంతకం పెడితేగాని పని మొదలవదు. కాస్త ముందుకు నడిస్తే నిమ్స్ ఆసుపత్రి. అక్కడ కొత్త డాక్టరు రెసిడెంటుగా పెద్ద డాక్టరు వెనక రౌండ్లు తిరుగుతాడు, పెద్ద ఆపరేషన్ మొదటి రోజునే ఒంటరిగా అతని చేతికివ్వరు. బడిలో మాత్రం కొత్త టీచరు చేరిన రోజునుంచే రిటైర్మెంటుకు దగ్గరపడ్డ టీచరుతో సమానంగా అన్ని పీరియడ్లూ, అంతమంది పిల్లలూ, అన్ని రికార్డులూ మోస్తుంది. తలుపు వేసుకున్నాక లోపల ఆమె ఒక్కతే.

ఇంగ్లండ్‌లో 2021 సెప్టెంబర్ నుంచి కొత్త టీచర్లకు రెండేళ్ల తోడ్పాటు కాలం పెట్టారు. మొదటి ఏడాది పది శాతం, రెండో ఏడాది ఐదు శాతం పీరియడ్లు తగ్గించి, ఆ సమయాన్ని నేర్చుకోవడానికి ఇస్తారు. జపాన్ 1989 నుంచే మొదటి ఏడాది టీచరుకు బడిలోనే శిక్షణ ఏర్పాటు చేసింది. మనకు అలాంటి జీవో లేదు. లేకపోయినా చేయగలిగింది చాలా ఉంది. ఎవరైనా సెలవు పెట్టిన రోజు ఖాళీ పీరియడ్‌కు కొత్త మేడంను పంపడం మానండి. ఆమె లీజర్ ఆమెకే ఉండనివ్వండి. యూడైస్ వివరాలు ఎక్కించడం, భోజనం రిజిస్టరు, యూనిఫాం కొలతలు, ఫోటోలు తీసి గ్రూపులో పెట్టడం, "మీరు చిన్నవాళ్లు, ఫోను బాగా వాడతారు" అంటూ ఇవన్నీ ఆమె మీద వేస్తారు. ఒక ఏడాది ఇవి మీరు చేయండి. ఫోన్‌లో యాప్ వాడటం రాదంటారా, సాయంత్రం పావుగంట కూర్చొని ఆమె దగ్గర నేర్చుకోండి. చదువు చెప్పడం మీరు ఆమెకు నేర్పాలి, ఆమె మీకు యాప్ నేర్పుతుంది. ఇద్దరిలో ఎవరికీ ఇందులో చిన్నతనం లేదు.

ఆమె క్లాసు చూడటానికి వెళ్లకండి

కొత్త టీచరును బాగు చేయాలంటే క్లాసులో వెనక కూర్చొని పరిశీలించాలని శిక్షణల్లో చెప్తారు. మొదటి టర్మంతా ఆ పని మానుకోండి. చెక్‌లిస్టు పట్టుకుని వెనక బెంచీలో పెద్దవాళ్లు కూర్చుంటే ఆమె పాఠం పిల్లలకు చెప్పదు, మీకు చెప్తుంది. పిల్లలు కూడా మీకోసమే నిటారుగా కూర్చుంటారు. మీరు చూసి వచ్చేది రోజూ జరిగే తరగతి కానే కాదు.

ఆమెనే మీ క్లాసుకు పిలవండి. బాగా వచ్చిన పాఠానికి పిలవొద్దు, మీరే తడబడే పాఠానికి పిలవండి. అనుభవమున్న ప్రతి టీచరుకూ అలాంటి పాఠం ఒకటైనా ఉంటుంది.

ఈ ప్రాంతంలో రెండో తరగతికి రెండంకెల సంఖ్యలు చెప్పడం తీసుకోండి. ఇంట్లో ఉర్దూ, హిందీ మాట్లాడే పిల్లలు కొందరు ఇరవై ఐదు రాయమంటే 52 రాస్తారు. చూసినవాళ్లు పిల్లకు లెక్కలు రావనుకుంటారు. ఆ పిల్ల మనసులో 'పచ్చీస్' అనుకుంటోంది. ఆ మాటలో ఐదు ముందు వినిపిస్తుంది, ఇరవై తరువాత వస్తుంది. విన్న వరుసలోనే రాసింది. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చాక అదే పిల్ల పలక మీద మూడు భాషలు కలుస్తున్నాయి. ఇలాంటి పాఠంలో మీరు కూడా పుల్లల కట్టలు తీస్తారు, రూపాయి నాణేలు, పది రూపాయల నోట్లు బల్ల మీద పెడతారు, ఒక దారి పనిచేయకపోతే ఇంకో దారి చూస్తారు. కొత్త మేడం వెనక కూర్చొని చూడాల్సింది సరిగ్గా అదే. పాఠం అతుకుల్లేకుండా సాగడం చూస్తే "నాకెప్పటికీ ఇలా రాదు" అనుకొని వెళ్లిపోతుంది. ఇరవై ఏళ్ల అనుభవమున్న టీచరు ఆగి, ఆలోచించి, మళ్లీ మొదలుపెట్టడం చూస్తే ఆగడం కూడా పనిలో భాగమేనని తెలుస్తుంది.

ఆ తరువాత మాట్లాడుకునేటప్పుడు పాఠం గురించి, పిల్లల గురించి మాట్లాడండి. జపాన్ బడుల్లో ఒక అలవాటుంది. నలుగురైదుగురు టీచర్లు కలిసి ఒక పాఠం తయారు చేస్తారు, ఒకరు చెప్తారు, మిగతావాళ్లు గదిలో నిలబడి పిల్లల నోటుపుస్తకాలు చూస్తారు. తరువాత కూర్చొని ఏ పిల్ల ఎక్కడ ఆగిపోయింది, పాఠంలో ఏ మలుపు దగ్గర జారిపోయారు అని చర్చిస్తారు. పాఠం అందరూ కలిసి తయారు చేసింది గనక చెప్పినవారి తప్పు అనే మాటే రాదు. ఈ పద్ధతికి ప్రాజెక్టు నిధులేమీ అక్కర్లేదు. నెలలో ఒక శనివారం మధ్యాహ్నం, ఒకే తరగతి చెప్పే ఇద్దరు చాలు.

ఉత్తమ ఉపాధ్యాయుణ్ణి మెంటార్‌గా పెట్టకండి

జిల్లా అవార్డు వచ్చిన సారుకు కొత్తవాళ్లను అప్పగించడం ఆనవాయితీ. ఆయన మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఆయన ఈ పనికి తగరు. చేయి తిరిగినవారికి మొదట్లో తాము ఏది రాక ఇబ్బంది పడ్డారో గుర్తుండదు. "క్లాసును గుప్పిట్లో పెట్టుకోవాలి మేడం" అంటారు. ఎలా అని అడిగితే "అది అలవాటవుతుంది" అంటారు. నిజంగానే ఆయనకు అలవాటైంది, అందుకే చెప్పలేరు.

రెండు మూడేళ్లు ముందున్న టీచరును తోడివ్వండి. పోయిన ఏడాదే గట్టెక్కిన మనిషికి ఆ ఒడ్డు ఎక్కడ జారుతుందో బాగా గుర్తుంటుంది. ఇక్కడొక చిక్కుంది. 2017 టీఆర్‌టీ నోటిఫికేషన్ తరువాత తెలంగాణలో పెద్ద నియామకం మళ్లీ 2024లోనే జరిగింది. కొత్తవాళ్లకు, వాళ్లకంటే ముందువాళ్లకు మధ్య ఏళ్ల ఖాళీ. చాలా బడుల్లో నిన్నటి కొత్త టీచరు అనే మనిషే లేరు. ఇలాంటప్పుడు బడి గోడ దాటాలి. కాంప్లెక్స్ సమావేశంలో కొత్తవాళ్లందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, పెద్దవాళ్లు బయటికి వచ్చేయండి. ఒక గంట వాళ్లను మాట్లాడుకోనివ్వండి. ఉమ్మడి రాష్ట్రంలో 1980ల్లో బ్రిటన్ సాయంతో మొదలైన అపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) కింద ఏర్పాటైన టీచర్ సెంటర్లకు వెళ్లినవాళ్లు ఇప్పటికీ కొందరున్నారు. తయారు చేసుకొచ్చిన చార్టులూ కార్డులూ ఒకరికొకరు చూపించుకోవడానికి అక్కడ ఒక చోటు ఉండేది. ఆ ఆలోచన మంచిది. ఇప్పటి కాంప్లెక్స్ సమావేశాలు సర్క్యులర్లు చదవడంతో, ఫార్మాట్లు నింపడంతో సరిపోతున్నాయి.

అసలు "కొత్త" అన్నవాళ్లందరూ కొత్తవాళ్లేనా? డీఎస్సీలో గెలిచి వచ్చిన చాలామంది అంతకుముందు ప్రైవేటు బడుల్లోనో, విద్యా వాలంటీర్లుగానో ఏళ్లకేళ్లు చదువు చెప్పినవారే. 2021లో బడులు మూతపడ్డప్పుడు ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ బియ్యం తెచ్చుకుని ఇల్లు నడిపి, రాత్రిళ్లు డీఎస్సీకి చదివి గెలిచిన మనిషి మీ ముందు కుర్చీ అంచున కూర్చొని ఉండవచ్చు. ఆమెను మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఇదివరకు ఎక్కడ చెప్పారు మేడం?" అన్నదే. జవాబు విన్నాక ఎవరు ఎవరికి నేర్పాలన్నది మళ్లీ ఆలోచించుకోవచ్చు.

మెంటార్ ఎవరైనా సరే, ప్రొబేషన్ రిపోర్టు రాసే మనిషి మాత్రం కాకూడదు. ప్రొబేషన్ పూర్తి కావడానికి ఎవరి సంతకం కావాలో వారి దగ్గర "సార్, నాకు ఆరో తరగతి అదుపులోకి రావడం లేదు" అని ఏ టీచరూ నోరు విప్పదు. ఇంగ్లండ్‌లో ఈ రెండు పనులనూ ఇద్దరికి విడివిడిగా అప్పగించాలంటారు. మన జాతీయ విద్యా విధానం 2020 కూడా మెంటారింగ్ మాట ఎత్తింది, 2022లో కొన్ని కేంద్ర ప్రభుత్వ బడుల్లో ప్రయోగంగా జాతీయ మెంటారింగ్ మిషన్ మొదలుపెట్టారు. మంచిదే. అయితే ఆన్‌లైన్ మెంటార్‌కు బల్కంపేట కల్యాణం సంగతి తెలియదు.

గోల విని లోపలికి పోకండి

పక్క గదిలోంచి గోల వస్తోంది. మీరు లేచి వెళ్లి గుమ్మంలో నిలబడి ఒక్క అరుపు అరుస్తారు. గది నిశ్శబ్దమైపోతుంది. మీరు గర్వంగా వెనక్కి వస్తారు. ఆ గదిలో పిల్లలు ఆ క్షణంలో నేర్చుకున్నది ఏమిటంటే, మా టీచరుకు చేతకాదు, అసలు టీచరు పక్క గదిలో ఉన్నారని. ఆ ఒక్క అరుపును చెరుపుకోవడానికి ఆమెకు నెలలు పడతాయి. పిల్లలకు దెబ్బ తగిలే ప్రమాదముంటే తప్ప ఆ గుమ్మం తొక్కకండి. మీ తరగతికి ఇబ్బందైతే మీ తలుపు వేసుకోండి.

బెత్తం సలహా కూడా ఇవ్వకండి. బడిలో బెత్తానికి నిషేధం వచ్చి చాలాకాలమైంది. 2002లోనే ఉమ్మడి రాష్ట్రం నియమాలు సవరించి దెబ్బలను నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టం 17వ సెక్షను దెబ్బలతో పాటు మానసిక వేధింపును కూడా తప్పని చెప్పింది. అయినా "ఒక్కటి వేస్తే దారిలోకి వస్తారు" అనే మాట స్టాఫ్‌రూంలో ఇంకా వినిపిస్తుంది. తల్లులే వచ్చి "కొట్టుండ్రి టీచర్, మంచిగ చదవాలె" అంటారు. కొట్టనంటే కొత్త మేడంను మెత్తనిది అంటారు. అలాంటప్పుడు ఆమె పక్కన నిలబడండి. ఆ తల్లికి మీరే చెప్పండి, మా బడిలో కొట్టం అని. పెద్ద టీచరు నోట ఆ మాట వస్తే బస్తీ వింటుంది.

మరి గోల ఎలా తగ్గాలి? అడిగితేనే చెప్పండి, అడిగినప్పుడు చేతికి అందేవి చెప్పండి. పిల్లలు లోపలికి వచ్చే ముందే గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించడం. బోర్డు మీద ఒక చిన్న పని ముందే రాసి ఉంచడం. ఎక్కువ అల్లరి చేసే పిల్లవాడి బల్ల దగ్గరే నిలబడి పాఠం చెప్పడం. అరవకుండా గొంతు తగ్గించడం. వారానికి ఒకటి చాలు.

ప్రైవేటు బడుల కరస్పాండెంట్లకు ఒక మాట

అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్ సందుల్లో చిన్న ప్రైవేటు బడులు ఎన్నో. అక్కడ చేరే కొత్త టీచరు డిగ్రీ పూర్తయిన మరుసటి నెలే చాక్‌పీసు పడుతుంది. జీతం కొద్దిపాటిది. గదిలో సీసీ కెమెరా, ఆఫీసు గదిలో దాని తెర. ఆ తెర ఒక ఏడాది ఆపేయండి అంటే మీరు వినరని తెలుసు, కనీసం దాన్ని చూసి ఇంటర్‌కంలో మందలించడం ఆపండి.

నోటుపుస్తకాల కరెక్షన్ కూడా సగానికి తగ్గించండి. అన్ని సబ్జెక్టుల క్లాస్‌వర్కు, హోంవర్కు ఎర్ర పెన్నుతో ప్రతి పేజీ టిక్కు పెట్టాలంటే ఆమె రాత్రి పదకొండు దాకా టిక్కులే పెడుతుంది, చదవదు. రోజుకు పది పుస్తకాలు చదివి, ఆ పది మంది పిల్లలతో రెండేసి నిమిషాలు మాట్లాడమనండి. తల్లిదండ్రులు ఎర్ర గీతలు లేవని అడుగుతారు. ఎందుకు లేవో మీరు చెప్పండి. ఎండాకాలం ఆమెను అడ్మిషన్ల కోసం ఇళ్ల చుట్టూ తిప్పకండి, ఏప్రిల్, మే నెలల జీతం ఎగ్గొట్టకండి. కొత్త టీచరుకు మీరు చేయగలిగిన అతి పెద్ద మెంటారింగ్ జీతం పన్నెండు నెలలూ ఇవ్వడమే.

గ్రూప్స్ పుస్తకం దాచుకోనక్కర్లేదని చెప్పండి

కొత్త టీచరు బ్యాగులో లెసన్ ప్లాన్ పక్కనే ఇండియన్ పాలిటీ పుస్తకం ఉంటే స్టాఫ్‌రూం గుసగుసలాడుతుంది. "ఈమె ఉండే మనిషి కాదు." 2024 అక్టోబర్‌లో చేరినవాళ్లలో కొందరు నవంబర్ 17, 18 తేదీల్లో గ్రూప్-3, డిసెంబర్ 15, 16 తేదీల్లో గ్రూప్-2 రాశారు. అది ద్రోహం ఎలా అవుతుంది? ఎన్నో ఏళ్లు హాస్టల్ గదుల్లో, రీడింగ్ రూముల్లో కూర్చొని చదివినవాళ్లు ఒక్క నియామక పత్రంతో ఆ అలవాటు ఎలా మానేస్తారు? పుస్తకం బల్ల మీద పెట్టుకోనివ్వండి. పరీక్షకు సెలవు అడిగితే ముఖం చిట్లించకండి. వెళ్లేవాళ్లు వెళ్తారు. ఉండేవాళ్లలో కొందరు, పుస్తకం దాచుకోవాల్సిన అవసరం లేని స్టాఫ్‌రూం దొరికింది కాబట్టే ఉంటారని నేను గట్టిగా నమ్ముతాను.

ఉండాలా పోవాలా అన్న మాట నేరుగా అడగండి కూడా. అడగవలసిన నెల ఫిబ్రవరి. సెప్టెంబర్ 5న శాలువా కప్పేటప్పుడు అందరూ బాగానే ఉంటారు. ఫిబ్రవరిలో సిలబస్ తరుముతుంది, పదో తరగతి స్పెషల్ క్లాసులు నడుస్తుంటాయి, ఎండ ముదురుతుంది, పొద్దున్నే ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి వచ్చే మనిషి ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. ఒక సాయంత్రం టీ తాగుతూ "మేడం, మానేయాలనిపిస్తోందా?" అని అడగండి. అలా అడగకూడదని, అడిగితే లేని ఆలోచన పుడుతుందని అంటారు. ఆ ఆలోచన ఎప్పుడో పుట్టింది. ఆమె దాన్ని ఒంటరిగా మోస్తోంది. "అనిపిస్తోంది" అంటే వెంటనే ఓదార్చకండి. ఏది కష్టంగా ఉందో పూర్తిగా చెప్పనివ్వండి. ఆ కష్టాల్లో టైంటేబుల్ మారిస్తే తీరిపోయేవి ఎన్నో మీకే కనిపిస్తాయి.

టైంటేబుల్ మాట వచ్చింది గనక చివరగా ఒక పని. వచ్చే ఏడాది ఎవరికి ఏ తరగతి అన్నది జూన్‌లో బడి తెరిచిన రోజు హడావుడిగా తేల్చకండి. ఏప్రిల్‌లో ఆఖరి పనిదినం లోపే అందరూ కూర్చోండి. ముందు ఒకటో తరగతి ఎవరు తీసుకుంటారో అడగండి, సర్వీసు ఎక్కువున్నవారి నుంచి మొదలుపెట్టి. అందరూ తల దించుకుంటే హెచ్చెం గారు తన పేరే రాసుకోవాలి. ఆ తరువాత బి సెక్షన్లు, భోజనం తరువాతి పీరియడ్లు పంచుకోండి. రికార్డులు, రిజిస్టర్లు ఎవరెవరివో రాసుకోండి. కొత్తవాళ్ల పేర్లు ఆ కాగితం మీద అన్నిటికంటే చివర రాయండి.